అర నిమిషం ఆలస్యం

ప్రపంచ మండలి సభా మందిరంలో మొట్టమొదటిసారి టెలివిజన్ లైట్లు వెలిగిన రోజునే ఒక మనిషి చనిపోయాడు.

ఆ రోజు జరుగుతున్నది రిహార్సల్ మాత్రమే. ప్రతినిధులెవరూ రాలేదు. అర్ధచంద్రాకారంలో వేసిన బల్లల వెనక కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఇన్నేళ్ళుగా మండలి ఏం మాట్లాడుకున్నా మూసిన తలుపుల వెనకే మాట్లాడుకుంది. యుద్ధాన్ని ఆపినా, ఆపలేక చేతులెత్తేసినా, జనానికి తెలిసేది సాయంత్రం విడుదలయ్యే అర పేజీ ప్రకటన ఒక్కటే. ఇప్పుడు మొదటిసారిగా కెమెరాలు లోపలికి వచ్చాయి. కార్పెట్ మీద కేబుళ్ళు పరుచుకుని ఉన్నాయి.

టీవీ యూనిట్ ఫ్లోర్ మేనేజర్ వెళ్ళి కొండదేశం ప్రతినిధి కుర్చీలో కూర్చున్నాడు. ముఖం మీద లైటు ఎలా పడుతోందో చూడటానికి ఎవరో ఒకరు కూర్చోవాలి. ఆ పనంటే అతనికి సరదా.

"పొద్దుట్నుంచీ ఇన్ని దేశాలకి ప్రతినిధిగా ఉన్నాను," అన్నాడు కెమెరా వైపు చూసి. "ఒక్క దేశమూ టీ ఇప్పించిన పాపాన పోలేదు."

సిబ్బంది నవ్వారు. న్యూస్ యాంకర్ కూడా నవ్వుకుంటూ వచ్చి అతని కాలరుకి చిన్న మైకు తగిలించింది. నీలం సిల్కు జాకెట్, చెవులకి ముత్యాలు, వంద మందిలో ఉన్నా చూపు ఆమె దగ్గరే ఆగే ముఖం. సగం దేశం ఆమె నోట వింటేనే అది వార్త అని నమ్ముతుంది.

"ఏదైనా మాట్లాడండి, ప్రతినిధిగారూ!"

"అధ్యక్షా! మా దేశం కోరేది ఒక్కటే..."

వాక్యం పూర్తికాలేదు. చీమ కుట్టినట్టు ముఖం చిట్లించి మెడ తడుముకున్నాడు. తర్వాత మెల్లగా బల్ల మీదికి వాలిపోయాడు. నటిస్తున్నాడనుకుని అందరూ మళ్ళీ నవ్వారు.

ఆ నవ్వు ఆగడానికి కాసేపు పట్టింది.

*

పెద్దాయన టేపు ఆపాడు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌కి అధిపతి ఆయన. కిటికీల్లేని ఆ గదిలో ప్రొజెక్టర్ ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు.

"మైకు క్లిప్పు వెనక సన్నటి ముల్లు. ముల్లుకి విషం," అన్నాడు. "బయటికి మాత్రం గుండెపోటు అని చెప్పాం. ఇంకోసారి వెయ్యనా?"

"వద్దు సార్," అన్నాడు ఎదురుగా కూర్చున్న ఏజెంటు.

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని గుమాస్తా అంటారు. బీమా కంపెనీలో గుమాస్తాగా చేస్తున్నాడని ఇంట్లోవాళ్ళ నమ్మకం. చూడటానికీ అలాగే ఉంటాడు. కాస్త బట్టతల, కాస్త బొజ్జ. లిఫ్టులో పక్కన నిలబడ్డవాడు దిగగానే మరిచిపోయే ముఖం. ఆ ముఖంతోనే అతను మూడు సరిహద్దులు దాటి తిరిగొచ్చాడు.

"పోయినవాడు నీకు తెలుసా?"

"మా తోడల్లుడు సార్."

పెద్దాయన రిమోట్ బల్ల మీద పెట్టాడు.

"మా ఆవిడ చెల్లెలి భర్త," అన్నాడు గుమాస్తా. "పోయిన నెల భోజనాల దగ్గర నేనే అడిగాను. మీ యూనిట్‌లోకి కొత్తవాళ్ళెవరైనా వస్తే ఓ కన్నేసి ఉంచు, నాకూ చెప్తూ ఉండు అని. టీవీ పిచ్చి ఉన్న గుమాస్తా అడుగుతున్నాడనుకున్నాడు పాపం."

"అయితే ఈ కేసు ఇంకొకరికి ఇస్తాను."

"నాకే ఇవ్వండి."

పెద్దాయన వాదించి లాభం లేదనుకున్నట్టు తల ఊపాడు.

"ఇది దర్జీల పని. వాళ్ళ గురించి నీకు కొత్తగా చెప్పేదేముంది. పరాయి దేశపు ఆయుధాల వ్యాపారుల కోసం పనిచేసే ముఠా. నాయకుల పాత ఉపన్యాసాల్ని ముక్కలుగా కత్తిరించి, అనని మాటలు అన్నట్టు కుట్టి జనం మీదికి వదలడం వాళ్ళ విద్య. ఎల్లుండి కొండదేశం, తీరదేశం యుద్ధ విరమణ గురించి మండలి ముందు మాట్లాడతాయి. లైవ్. రెండు సైన్యాలూ సరిహద్దులో ఎదురెదురుగా మోహరించి టీవీ చూస్తుంటాయి. ఆ లైవ్‌లోనే కొండదేశం ప్రతినిధిని చంపుతారని నెమలి కబురు పంపింది. నిన్నటిది ట్రయల్ అట."

"నెమలి ఎవరు?"

"ఇప్పుడే తెర మీద చూశావు. మైకు తగిలించిన మనిషి."

గుమాస్తా ఖాళీ తెర వైపు చూశాడు.

"మూడేళ్ళుగా మన తరఫున ఆ ముఠాలో ఉంది," అన్నాడు పెద్దాయన. "తమ మనిషేనని వాళ్ళు అనుకుంటున్నారు. మన మనిషేనని మనం అనుకుంటున్నాం."

"ఆవిడేమనుకుంటోంది?"

"అది నువ్వు కనుక్కోవాలి. మండలి అధ్యక్షుడైతే అసలు టెలివిజనే వద్దన్నాడు. కెమెరాలంటే మొదట్నుంచీ గిట్టని దేశాలకి సాకు దొరికింది. నేను మధ్యలో దూరి రాజీ కుదిర్చాను. ప్రసారం అర నిమిషం ఆలస్యంగా బయటికి వెళ్తుంది. హాల్లో ఏదైనా జరిగితే జనం కంటపడే లోపే తెర నల్లగా చేసేస్తాం. రక్తం చూసి సైన్యాలు రెచ్చిపోకుండా ఉంటాయి."

"సార్, దర్జీలు ఇంతవరకూ ఎవర్నీ చంపలేదు. వాళ్ళ పనంతా టేపులతోనే. ఉన్నట్టుండి ఈ ముల్లు ఎందుకు?"

"పద్ధతి మార్చారు. శవం కళ్ళెదురుగా ఉంటే ఇంకా అనుమానమేంటి?"

గుమాస్తా మనసు మాత్రం కుదుటపడలేదు. పెద్దాయన సొరుగులోంచి రెండు వస్తువులు తీశాడు. ఒకటి అగ్గిపెట్టెంత టీవీ. ఇళ్ళల్లోకి వెళ్ళే బొమ్మ అందులో కనిపిస్తుంది. రెండోది మైకులు తుడిచే గుడ్డలాంటిది. విషం తగిలితే నీలంగా మారుతుంది.

"మైక్ టెక్నీషియన్‌గా వెళ్తున్నావు. ప్రతినిధుల కాలరుకి తగిలే ప్రతి మైకూ నీ చేతి మీదుగానే పోవాలి. నెమలితో కోడ్: 'ఈ మైకులో గాలి చప్పుడు వస్తోంది' అని నువ్వంటావు. 'గాలి కాదు, ఊపిరి' అని ఆమె అనాలి."

"అనకపోతే?"

"అనకపోతే ఆమె మన మనిషి కాదు."

*

మరదలి ఇంట్లో కుర్చీలన్నీ గోడ వారగా జరిపేశారు. వచ్చినవాళ్ళు మెల్లగా మాట్లాడుకుంటున్నారు. ఇంత చిన్న వయసులో గుండెపోటేమిటని ఒకరు, ఈ టీవీ ఉద్యోగాల్లో వేళకి తిండీ నిద్రా ఉండవని ఇంకొకరు. గుమాస్తా భార్య చెల్లెలి పక్కనే కూర్చుని వీపు నిమురుతోంది.

అతన్ని చూడగానే మరదలు లేచి వచ్చింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"బావగారూ, ఆయనకి గుండె జబ్బేమీ లేదు. లిఫ్టు పాడైతే అయిదో అంతస్తుకి నన్నే పరిగెత్తించేవాడు. గుండెపోటంటే నేనెలా నమ్మను?"

"డాక్టర్లు చెప్పారు కదమ్మా."

"డాక్టర్లు నా ముఖం చూసి చెప్పలేదు. ఫైలు చూస్తూ చెప్పారు."

అతను నేల వైపు చూశాడు. అబద్ధం చెప్పడం అతని వృత్తి. ఎంతమందికి ఎన్ని అబద్ధాలు చెప్పాడో లెక్కలేదు. ఇది మాత్రం నోట్లోంచి రావడానికి మొరాయించింది.

"పోయే ముందు రోజు కూడా చిరాగ్గా ఉన్నాడు," అంది మరదలు. "ఎవడో కొత్త ఇంజనీరట, ఎవరూ అడక్కుండానే ఏదో పెట్టె తెచ్చి కంట్రోల్ రూమ్‌లో బిగించాడట. ఎందుకయ్యా ఇది అని ఈయన అడిగితే, అవసరం పడుతుంది లెండి అన్నాడట. ఈ మాట మీ బావగారితో కూడా చెప్పాలి, ఆయనకి ఇవన్నీ ఇష్టం అన్నాడు."

ఆ చివరి మాట గుమాస్తాకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. దాంతో ముందున్న మాటల్ని అతను సరిగా వినలేదు.

వీధి గుమ్మం దాకా భార్య వెంట వచ్చింది.

"ఏమండీ, ఈ రెండు రోజులూ సెలవు పెట్టకూడదూ? దాన్ని చూస్తుంటే నాకు భయంగా ఉంది."

"కుదరదు. ఆఫీసులో ఆడిట్ ఉంది."

"ఆడిట్!" అంది ఆమె. తలుపు మూసిన తీరులోనే మిగతాదంతా ఉంది.

*

సమావేశం రోజు పొద్దున మేకప్ రూమ్‌లో అద్దాల చుట్టూ బల్బులు వేడెక్కుతున్నాయి. కొండదేశం ప్రతినిధి ఒక ముసలి డాక్టరమ్మ. బూడిద రంగు శాలువా, నల్లటి మందపాటి ఫ్రేము కళ్ళజోడు. ఏ పత్రికలో చూసినా ఆవిడ ఆ రెండింటితోనే ఉంటుంది. మేకప్ కోసం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ పౌడరు పూస్తే నేను చెప్పేది ఎక్కువ నిజమవుతుందా అమ్మాయ్?" అని అడిగింది పక్క కుర్చీలో ఉన్న యాంకర్‌ని.

"నిజం మారదమ్మా. మెరుపు తగ్గుతుంది, అంతే."

నీలం యూనిఫాంలో ఉన్న గుమాస్తా మైకుల పెట్టె తెచ్చి, యాంకర్ జాకెట్‌కి మైకు తగిలిస్తూ అన్నాడు: "ఈ మైకులో గాలి చప్పుడు వస్తోంది మేడమ్."

అద్దంలో ఆమె కళ్ళు అతని కళ్ళని కలిశాయి. కుడి చెవిలో చిన్న ఇయర్‌పీస్ ఉంది. ఆమె వేలు దాని మీద ఒక్క క్షణం ఆగింది.

"అయితే బ్యాటరీ మార్చు," అంది. "అదీ నేనే చెప్పాలా?"

ఊపిరి అన్న మాట రాలేదు. అంటే ఈమె వాళ్ళ మనిషి. తోడల్లుడి కాలరుకి ముల్లు తగిలించిన చెయ్యి ఇదే, నవ్వుతూ తగిలించింది.

అంతలో ఆమె లేవబోయింది. మోచెయ్యి తగిలి బల్ల మీది కళ్ళజోడు కింద పడింది. కంగారుగా అడుగు వెనక్కి వేసింది. మడమ కింద అద్దాలు పటపటమన్నాయి.

"అయ్యో అమ్మా! క్షమించండి! చూసుకోలేదు!"

"నా కళ్ళన్నీ అందులోనే ఉన్నాయే," అంది డాక్టరమ్మ నీరసంగా. "కాగితం చూసి చదవాలి నేను."

"నావి పెట్టుకోండి. ఇవీ చదవడానికే." యాంకర్ తన హ్యాండ్‌బ్యాగులోంచి ఎర్రటి ఫ్రేము కళ్ళజోడు తీసింది. "ఎర్రవైతే ఇంకా మంచిది. టీవీలో చూసేవాళ్ళకి మీరే అని తెలియాలి కదా."

మాట డాక్టరమ్మతో అంటోంది గానీ, చూపు అద్దంలో గుమాస్తా మీదే ఉంది.

అతను చటుక్కున మధ్యలోకి వచ్చాడు. "తుడిచి ఇస్తానమ్మా, మరకలున్నాయి." ఎర్ర కళ్ళజోడుని తన గుడ్డతో ఫ్రేము, కొసలు, ముక్కు మీద ఆనే చోటు అంతా రుద్దాడు. గుడ్డ తెల్లగానే ఉంది. మరోసారి రుద్దాడు. తెల్లగానే ఉంది.

విషం లేదు. మరి ఎందుకు పగలగొట్టింది? అజాగ్రత్తగా అడుగేసే మనిషి కాదు ఆమె.

*

సభ మొదలైంది. గుమాస్తా మందిరంలో గోడ పక్కన నిలబడ్డాడు. తలుపు తలుపుకీ సెక్యూరిటీ. కొండదేశం కుర్చీకి దగ్గరగా వచ్చే ప్రతి చేతినీ అతను చూస్తూనే ఉన్నాడు. మంచినీళ్ళ గ్లాసు కూడా అతని గుడ్డ తుడిచాకే ఆవిడ ముందుకి వెళ్ళింది.

హాలు చివర గాజు గదిలో యాంకర్ కూర్చుని, ఇళ్ళల్లో చూస్తున్న కోట్ల మందికి ఎవరు ఎవరో వివరిస్తోంది. మొదట తీరదేశం ప్రతినిధి మాట్లాడాడు. నిద్రొచ్చేలా మాట్లాడాడు గానీ తూటాలు ఆపుతామన్నాడు. తర్వాత అధ్యక్షుడు డాక్టరమ్మని పిలిచాడు.

ఆవిడ లేచింది. ఎర్ర కళ్ళజోడు సర్దుకుంది. కాగితం దగ్గరగా, దూరంగా పెట్టి చూసుకుంది. "నా చూపు ఇవాళ కొంచెం అరువు చూపు," అని నవ్వి మొదలుపెట్టింది.

ఏమీ జరగలేదు. ఎవరూ కదల్లేదు. చంపేవాడుంటే ఈపాటికి చంపాలి.

అలవాటు కొద్దీ అరచేతిలోని బుల్లి టీవీ వైపు చూశాడు. అందులో డాక్టరమ్మ అప్పుడే లేచి నిలబడుతోంది. అర నిమిషం వెనక బొమ్మ. అదే మందిరం, అదే శాలువా. ఆవిడ తలెత్తింది.

ముఖానికి నల్ల ఫ్రేము కళ్ళజోడు ఉంది.

గుమాస్తా ఎదురుగా చూశాడు. ఎర్రది. చేతిలో చూశాడు. నల్లది. చేతిలో ఉన్న డాక్టరమ్మ అరువు చూపు సంగతి ఎత్తలేదు. కాగితం కూడా చూడకుండా, కఠినంగా, "అధ్యక్షా, మా సహనానికీ హద్దుంది" అంటోంది.

ఒక్కసారిగా అతనికి అంతా అర్థమైంది. దర్జీలు పద్ధతి మార్చలేదు. వాళ్ళకి డాక్టరమ్మ ప్రాణం అక్కర్లేదు, ఆవిడ బొమ్మ చాలు. నిజం బొమ్మకీ జనానికీ మధ్య తమ బట్ట కుట్టడానికి కాస్త జాగా కావాలి. అర నిమిషం జాగా. దాన్ని వాళ్ళు అడిగితే ఎవరూ ఇవ్వరు. అందుకని కెమెరా ముందు ఒక మనిషిని చంపి భయపెట్టారు. భయపడి పెద్దాయనే స్వయంగా ఆ జాగా వాళ్ళ చేతిలో పెట్టాడు. ఎవరూ అడక్కుండానే వచ్చిన పెట్టె అదే. దాన్ని గురించి అడిగినవాణ్ణే ట్రయల్ కోసం ఎంచుకున్నారు.

అతను పరుగెత్తాడు.

"ఏయ్! ఆగు!" అని సెక్యూరిటీ గార్డు అరిచాడు. అతను ఆగలేదు. మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతుంటే చేతిలో బుల్లి టీవీ మాట్లాడుతూనే ఉంది. "వాళ్ళు రాత్రి మన పల్లెల మీద పడ్డారు..." సరిహద్దులో వేల మంది సైనికులు ఇదే గొంతు వింటున్నారు.

కంట్రోల్ రూమ్ తలుపు తోసుకుని లోపలికి పడ్డాడు. గోడ నిండా తెరలు. డైరెక్టర్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కెమెరాల నంబర్లు పిలుస్తున్నాడు. ఆయన ముందున్న తెరలన్నిటిలోనూ ఎర్ర కళ్ళజోడే. ఆలస్యం చేసే ఆ పెట్టె దాటాక ఏం వెళ్తోందో చూపించే తెర ఒకటే ఉంది. అది మూలన గాజు క్యాబిన్‌లో ఇంజనీరు ముందుంది. క్యాబిన్‌కి లోపల్నుంచి గడియ.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు డైరెక్టర్.

గుమాస్తా ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఎత్తి గాజు మీదికి విసిరాడు.

పగిలిన గాజులోంచి ఇంజనీరు బయటికి దూకాడు. కుర్రాడేమీ కాదు, కళ్ళు ప్రశాంతంగా ఉన్నాయి. వేళ్ళ మధ్య చిన్న కాలరు మైకు. దాన్ని గుమాస్తా మెడ వైపు విసురుగా తెచ్చాడు. గుమాస్తా గుడ్డ చుట్టిన అరచేతిని అడ్డం పెట్టాడు. ముల్లు గుడ్డ మడతల్లో దిగింది. తెల్లగుడ్డ మీద నీలం మరక చూస్తుండగానే పెద్దదైంది. బీమా గుమాస్తా బొజ్జ చూసి ఇంజనీరు తక్కువ అంచనా వేశాడు. మరుక్షణం అతని ముఖం స్విచ్ బోర్డుకి గుద్దుకుంది, చెయ్యి వీపు వెనక మెలితిరిగింది. ఇద్దరు కెమెరా సహాయకులు వచ్చి అతని మీద కూర్చున్నారు.

ఇంటర్‌కమ్‌లో పెద్దాయన గొంతు పేలింది. "ఏం జరుగుతోందక్కడ? సెక్యూరిటీ అలారం వచ్చింది. తెర నల్లగా చెయ్యండి! వెంటనే!"

డైరెక్టర్ వేలు నల్ల బటన్ మీదికి వెళ్ళింది.

"వద్దు!" అన్నాడు గుమాస్తా. "ఇప్పుడు నల్లగా చేస్తే, మండలి దాచిపెట్టిన మాటలివీ అంటూ మిగతా టేపు రేపు వాళ్ళే చూపిస్తారు. అప్పుడు ఎవరు చెప్పినా జనం నమ్మరు. నిజంది పంపండి. ఆలస్యం తీసెయ్యండి."

"పై నుంచి ఆర్డరయ్యా! నా ఉద్యోగం..."

మూల తెరలో నల్ల కళ్ళజోడు డాక్టరమ్మ కుడిచెయ్యి పైకెత్తింది. "అందుచేత అధ్యక్షా, ఈ క్షణం నుంచే మా సైన్యానికి..."

గుమాస్తా క్యాబిన్‌లోకి దూరి, గాజు పెంకుల మధ్య, ఆలస్యాన్ని దాటవేసే బైపాస్ మీట పట్టుకుని కిందికి లాగాడు.

మూల తెర ఒక్కసారి ఉలిక్కిపడింది. నల్ల కళ్ళజోడు మాయమైంది. ఎర్ర కళ్ళజోడు ముసలమ్మ కాగితం ముక్కుకి దగ్గరగా పెట్టుకుని, పెదాలు కదుపుతూ వెతుక్కుంటోంది.

"...ఒక్క నిమిషం ఓపిక పట్టండి, వరస తప్పాను. ఆ... ఇదిగో. తీరదేశంతో యుద్ధ విరమణకి మా దేశం ఒప్పుకుంటోంది. మేము అలిసిపోయాం అధ్యక్షా. ఆసుపత్రిలో నా చేతులూ అలిసిపోయాయి."

డైరెక్టర్ వేలు ఇంకా నల్ల బటన్ మీదే ఉంది. ఆయన ఆ చేతిని తీసి జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ పొరపాటున నొక్కుతానేమోనన్నట్టు.

"కానీ ఇళ్ళల్లో వాళ్ళు ఆ ముందుది చూశారే," అన్నాడు. "రెండిట్లో ఏది నిజమో వాళ్ళకెలా తెలుస్తుంది?"

జవాబు కింద హాల్లో యాంకర్ కూర్చున్న గాజు గదిలోంచి వచ్చింది. యాంకర్ చెవిలోంచి ఇయర్‌పీస్ పీకి బల్ల మీద పడేసింది. స్క్రిప్టు పక్కకి తోసింది. సూటిగా కెమెరాలోకి చూసింది.

"మీరు ఇంతకుముందు విన్న కొన్ని మాటలు ఆవిడవి కావు. దొంగ బొమ్మ అది. ఇవాళ పొద్దున ఆవిడ నల్ల కళ్ళజోడు నా కాలి కిందే పగిలింది. ముక్కలు మేకప్ రూమ్‌లో ఉన్నాయి. ఇప్పుడు పెట్టుకున్న ఎర్రవి నావి. ఈ హాల్లో ఉన్న ప్రతి ప్రతినిధీ సాక్షి. కెమెరామన్, అందర్నీ ఒకసారి చూపించు."

కెమెరా మెల్లగా తిరిగింది. కునుకు తీస్తున్న ఒక ప్రతినిధి ఉలిక్కిపడి లేచాడు. ఇంకొకాయన గబగబా టై సర్దుకున్నాడు. డాక్టరమ్మ మాత్రం కళ్ళజోడు తీసి చేత్తో ఎత్తి చూపించింది.

"ఎవరివైతేనేం, బాగానే కనిపిస్తున్నాయి," అంది.

సరిహద్దు నుంచి కబురు రావడానికి ఇంకొంత సేపు పట్టింది. కొండదేశం ఫిరంగుల్లో గుండ్లు ఎక్కించి ఉన్నాయట. మెల్లగా దింపుతున్నారట.

*

సభ ముగిశాక మేకప్ రూమ్ ఖాళీగా ఉంది. యాంకర్ ముఖానికి ఉన్న రంగు తుడుచుకుంటోంది. గుమాస్తా తలుపు దగ్గర నిలబడ్డాడు.

"గాలి కాదు, ఊపిరి," అంది ఆమె, అతని వైపు తిరక్కుండానే. "పొద్దున అనలేకపోయాను. నా చెవిలో వాళ్ళ లైను తెరిచి ఉంది. నేను ఏం మాట్లాడినా వాళ్ళకి వినిపిస్తుంది, ఇంజనీరు గదిలో జరిగేది నాకు వినిపిస్తుంది."

"హత్య జరుగుతుందని కబురు పంపింది మీరే."

"నాకు చెప్పారు, నేను పంపాను. నేను మీ మనిషినని వాళ్ళకి ఎప్పుడో తెలిసిపోయింది. అందుకే ఆ అబద్ధం నా చేతే మోయించారు. మీవాళ్ళు అర నిమిషం ఆలస్యం పెట్టారని వినగానే నాకు అర్థమైంది. అప్పటికి నన్ను ఒక్క నిమిషం ఒంటరిగా వదలడం లేదు. కళ్ళజోడు తప్ప నా కాలికి ఇంకేమీ అందలేదు."

అతను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది అడగడానికే వచ్చాడు.

"రిహార్సల్ రోజు మైకు ఎవరిచ్చారు?"

"ఆ ఇంజనీరే. మామూలు మైకే అనుకున్నాను."

"తెలిసుంటే?"

ఆమె చెయ్యి ఆగిపోయింది. రంగు సగం పోయిన ముఖంలో ఎవరో అలసిపోయిన ఆడమనిషి కనిపించింది.

"తెలిసుంటే తగిలించేదాన్ని కాదు అని చెప్పాలని ఉంది," అంది. "మూడేళ్ళుగా వాళ్ళు నన్ను నమ్మడం కోసం చెప్పినవన్నీ చేశాను. ఇంతకుమించి చెయ్యను అనే హద్దు ఎక్కడుందో నాకే తెలియకుండా పోయింది. ఆయన మీకేమవుతారు?"

"తోడల్లుడు."

ఆమె కళ్ళు మూసుకుంది. గుమాస్తా కోపం కోసం లోపల వెతుక్కున్నాడు. ఉండాల్సిన చోట అది ఉంది, కానీ ఆమె ఒక్కదాని మీదే లేదు. కన్నేసి ఉంచమని అడిగిన నోరు అతనిదే.

కారిడార్‌లో డిపార్ట్‌మెంట్ మనుషులు ఎదురుచూస్తున్నారు. ఇక ఆ ముఖం టీవీలో కనిపించదు. ఇంకో ఊరు, ఇంకో పేరు ఇస్తారు. ఆమె హ్యాండ్‌బ్యాగు తీసుకుని, అతని పక్కనుంచి వెళ్తూ ఆగింది.

"ఆయన భార్యకి..."

"ఏం చెప్పమంటారు?"

"ఏం లేదు," అని వెళ్ళిపోయింది.

*

మరదలి ఇంట్లో ఆ సాయంత్రం జనం పలచబడ్డారు. టీవీలో ఇంకా అవే దృశ్యాలు తిప్పి తిప్పి వేస్తున్నారు. ఆమె చప్పుడు తగ్గించింది గానీ కట్టెయ్యలేదు.

"ఆయన సరిచూసిన లైట్లు," అంది. "అందరి ముఖాలూ ఎంత బాగా కనిపిస్తున్నాయో చూడండి."

గుమాస్తా పక్కన కూర్చున్నాడు. గాజు పెంకులు కోసిన అతని అరచేతికి కట్టు ఉంది. డిపార్ట్‌మెంట్ చెప్పమన్నది ఒకటే మాట, గుండెపోటు. ఇరవై ఏళ్ళ సర్వీసులో పైవాళ్ళు చెప్పమన్న మాట అతను తప్పలేదు.

"అమ్మా, అది గుండెపోటు కాదు," అన్నాడు. "తనకి కనబడిన తప్పుని ఇదేంటని అడిగాడు. అందుకు పోయాడు. ఇంతకు మించి నేను చెప్పకూడదు."

మరదలు అతని ముఖం చూసింది. తర్వాత అతని చేతి కట్టు చూసింది.

"బీమా కంపెనీలో ఇవి కూడా తెలుస్తాయా బావగారూ?"

అతను కట్టు ఉన్న చేతిని వెనక్కి లాక్కున్నాడు. ఆమె ముఖం చేతుల్లో దాచుకుని, మొదటిసారిగా గొంతు విడిచి ఏడ్చింది. లోపల్నుంచి అతని భార్య పరుగెత్తుకొచ్చి చెల్లెల్ని పొదివి పట్టుకుంది. భర్త వైపు ఒకసారి చూసింది.

అతను వరండాలోకి వచ్చాడు. ఫోను మోగింది. పెద్దాయన.

"నా ఆర్డరు కాదన్నావు. దాని గురించి తర్వాత మాట్లాడదాం," అన్నాడు. "కాదన్నందుకు థాంక్స్ కూడా అప్పుడే చెప్తాను. ఇప్పుడు ఒక మంచి వార్త. ఇకమీదట మండలి సమావేశాలన్నీ లైవ్‌లోనే చూపించాలని ఇందాకే ఓటు వేశారు. కత్తిరింపులుండవు, ఆలస్యం ఉండదు. ప్రపంచానికి తెలియకుండా దాచేదేమీ ఉండకూడదని అధ్యక్షుడు గొప్పగా మాట్లాడాడట."

"అయితే ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు అడ్డుపడ్డారో జనం చూసే ఉంటారు."

అవతల పెద్దాయన దగ్గాడు.

"లేదయ్యా. ఆ చర్చ వరకూ కెమెరాలు బయటికి పంపించి, తలుపులు వేసుకున్నారు."